రేవు దొర నోటి మాట

అనగనగా ఒక రేవులో నూకాలు అనే పిల్ల ఉండేది. తల్లి లేదు. తండ్రి దానయ్య పడవ నడిపేవాడు. దూరంగా ఆగిన ఓడల నుంచి సరుకు ఒడ్డుకి చేర్చేవాడు.

ఆ రేవు మీద పెత్తనం ఒక తెల్లదొరది. ఏ పని చెప్పినా చివర్న "బిహెస్ట్!" అని ఉరిమేవాడు. ఆ మాటకి అర్థం ఎవరికీ తెలీదు. తెలీదు గనకే మరీ భయం. అదేదో దెయ్యం పేరనుకునేవాళ్ళు తల్లీ.

ఒకసారి ఆ మాట అని, జ్వరంతో పనికి రాలేనన్నవాడి గుడిసె పీకించాడు. ఆ తర్వాత మళ్ళీ అదే మాట అని, ఎదురు చెప్పినవాణ్ణి ఎండలో గుంజకి కట్టించాడు. మూడోసారి ఆ మాట దానయ్య మీద పడింది.

ఆ పొద్దున ఆకాశం కాటుకలా నల్లబడింది. సముద్రం లేచిలేచి పడుతోంది. "ఓడలో నా పెట్టెలున్నాయి. పోయి పట్రా. బిహెస్ట్!" అన్నాడు దొర.

నూకాలు దొర మేడ మీదకి పరిగెత్తింది. అక్కడ దొర ముసలి తల్లి ఉండేది. ఈ రేవులోనే ఉండి ఉండి తెలుగు నేర్చుకుంది.

"అమ్మగారూ, బిహెస్ట్ అంటే ఏ దెయ్యం? మా అయ్యని ఎలా వదుల్తాది?"

ముసలావిడ మొహం పాలిపోయింది. "దెయ్యం కాదే పిల్లా. ఇప్పుడు ఆ మాటకి ఆజ్ఞ అని అర్థం. మా భాషలో పాతకాలంలో మాత్రం, ఒకరు ఇంకొకరికి ఇచ్చే మాట. ప్రమాణం. పెద్దవాళ్ళు రానురాను మాట ఇవ్వడం మానేసి, ఆ మాటతో పని చేయించుకోవడం మొదలెట్టారు."

నూకాలు మళ్ళీ ఒడ్డుకి పరిగెత్తింది. దానయ్య అప్పటికే మోకాటిలోతు నీళ్ళలో పడవ నెడుతున్నాడు. పిల్ల పడవ తాడు పట్టుకుంది.

"దొరగారూ, బిహెస్ట్ అంటే మాటివ్వడమట. మీ అమ్మగారే చెప్పారు. మా అయ్య తిరిగొస్తాడని మాటివ్వండి. తాడు వదిలేస్తాను."

దొర బెత్తం ఎత్తాడు. అప్పుడు మిగతా పడవవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆ తాడు పట్టుకున్నారు. దొర వాళ్ళని చూశాడు. సముద్రాన్ని చూశాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. బెత్తం దించి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

అంతలో తాటిచెట్టంత అల లేచింది. అందరూ తాడు వదిలి ఇసకదిబ్బ మీదకి పరుగు. ఖాళీ పడవని అల లాక్కుపోయింది. ఆ తర్వాత పటపటమని చెక్కలు విరిగిన చప్పుడు.

నూకాలు తండ్రి గుండెల్లో మొహం దాచుకుంది. "అయ్యా, అయ్యా" అంటూనే ఉంది.

"ఉన్నానమ్మా," అన్నాడు దానయ్య. "ఇక్కడే ఉన్నాను."

కడలి హోరు కడలికి,
కథేమో కంచికి,
కళ్ళు మూసి నువ్వేమో
అమ్మమ్మ ఒడికి!