రాజుగారి తేజస్సు, గుమ్మడికాయల బస్తా

కోవెలదుర్గం రాజు రణభీముడికి ఓ ఉదయం తాను కొలనులో దూకితే అల ఎంత ఎత్తు లేస్తుందో చూడాలనిపించింది. పంచె బిగించి, కింది మెట్టు మీంచి దభీమని దూకాడు. అల లేచి, గట్టునున్న రాతి సింహం పాదాలు తడిపింది.

"ఆహా! తేజస్సు ఎంతో, అల అంత ప్రభూ!" అన్నాడు రాజగురువు మార్తాండ సోమయాజి.

రాజు పొంగిపోయాడు. సరిగ్గా అప్పుడే ఫలహారం తెస్తున్న వంటవాడు పెద్దిభొట్లు పై మెట్టు మీద కాలుజారి, గారెల గంపతో సహా నీళ్లలో పడ్డాడు. ఈసారి అల సింహం మూతి కడిగి, సోమయాజి తలపాగా ఊడ్చుకుపోయింది.

"రాజుని మించిన తేజస్సు! వీడు సింహాసనానికి ఎసరు పెడతాడు!" అని సోమయాజి గుండెలు బాదుకున్నాడు.

"వీడి తల తీసేయండి!" అన్నాడు రాజు.

"నాకు తేజస్సు లేదు బాబోయ్, బొజ్జే ఉంది!" అని భొట్లు భోరుమన్నాడు.

విదూషకుడు కేసన ముందుకొచ్చాడు. "ప్రభూ, తమరు దూకింది కింది మెట్టు మీంచి. భొట్లు పడింది పై మెట్టు మీంచి. బరువులూ వేరు. ఇన్ని మారాక, అల దేనివల్ల పెరిగిందో ఎలా తెలుస్తుంది? ఒక్కటే మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి చూద్దాం."

"ఏది మారుద్దామంటావు?"

"తమరి తేజస్సు."

పెద్ద త్రాసు తెచ్చారు. ఒక పళ్లెంలో రాజు కూర్చున్నాడు. రెండో దాంట్లో బస్తా పెట్టి గుమ్మడికాయలు నింపారు.

"ఊపిరి బిగబట్టనా?" అనడిగాడు రాజు.

"వద్దు ప్రభూ, ఇందాక దూకినప్పుడు బిగబట్టలేదు కదా!"

త్రాసు సమంగా నిలిచాక, బస్తాని అదే కింది మెట్టు మీంచి నీళ్లలోకి తోశారు. అల లేచి, సింహం పాదాలు తడిపింది. అంతే ఎత్తు!

సోమయాజి తడబడ్డాడు. "గుమ్మడికాయలకీ... ఎంతో కొంత తేజస్సు ఉంటుంది ప్రభూ."

"అయితే ఇప్పుడు బస్తా అదే, మెట్టు ఒక్కటే మారుద్దాం," అన్నాడు కేసన.

నలుగురు భటులు బస్తాని పైకి మోసుకెళ్లి, పై మెట్టు మీంచి తోశారు. అల సింహం మెడదాకా ఎగిసింది.

కేసన గావుకేక పెట్టాడు. "రాజుని మించిపోయింది! రాజద్రోహం! భటులారా, బస్తాని పట్టుకోండి!"

భటులు నిజంగానే నీళ్లలోకి దూకి, బస్తాని గట్టుకి లాగి సంకెళ్లు వేశారు. కేసన ఓ భటుడి కత్తి తీసి, వినయంగా సోమయాజి చేతికిచ్చాడు.

"గురువుగారూ, దీని తల ఎటువైపుందో చూసి, తమరే తీసేయండి."

సోమయాజి బస్తాని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చివరికి కత్తి కిందపడేసి, "అల లేచేది బరువు వల్ల, ఎత్తు వల్ల! తేజస్సుకి ఏ సంబంధమూ లేదు!" అని గొణిగాడు.

రాజు మెట్ల మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. భొట్లుని వదిలేయమని చెయ్యి ఊపి, మెడలోని ముత్యాలహారం తీసి కేసన మెడలో వేశాడు.