చదవకుండా చెప్పిన సరే

2025 జూలై 8, మంగళవారం. విశాఖపట్నంలో తెల్లవారినప్పటినుంచి ముసురు, సముద్రం మీదినుంచి చలిగాలి. ఆ ఊళ్లో, కొండవాలున ఉన్న ఒక చిన్న కంపెనీలో, ఎంత తెలివి ఉన్నా దేన్నీ చివరిదాకా చదివే ఓపిక లేని తవిటినాయుడు అనే ఇంజనీరు ఉండేవాడు.

ఆ కంపెనీ పన్నెండు ఆసుపత్రుల కంప్యూటర్లను దూరంనుంచే కనిపెట్టుకుని ఉండేది. ఎక్కడైనా ఆక్సిజన్ తగ్గితే, ఎవరూ పూనుకోకుండానే అక్కడి టెక్నీషియన్ ఫోనుకు హెచ్చరిక వెళ్లేది. అది ఎప్పుడు వెళ్లాలి, ఎవరికి వెళ్లాలి అన్నవన్నీ సెట్టింగులు. పూర్వం వాటిని మనుషులే ఒక్కొక్కటిగా మార్చేవారు. ఏడాదిగా ఆ పనికి ఏఐ ఏజెంటు వచ్చింది. మామూలు మాటల్లో చెబితే చాలు, అదే వెతికేది. మార్చబోయే ముందు పాతదీ కొత్తదీ చూపించి, ‘మార్చనా?’ అని అడిగేది.

పెద్దాయన సన్యాసిరాజు గారు అక్కడొక నియమం పెట్టారు. ఏజెంటు అడిగినదాన్ని ఒకరు పైకి చదవాలి, రెండోవారు విని ‘సరే’ అనాలి. ఆయన వయసులో ఉండగా రైల్వేలో పనిచేశారు. అక్కడ బండి వదలాలంటే అవతలి స్టేషన్ మాస్టరు ఫోనులో ఒక అంకె చెప్పాలి, ఇవతలాయన దాన్ని తిరిగి చదివి వినిపించాలి. వేళకు రాని బండ్లు ఆ రోజుల్లోనూ ఉండేవి, అది వేరే కథ. ఆయన పనిచేసినన్నాళ్లూ రెండు బండ్లు ఎదురెదురుగా ఒకే పట్టాల మీదికి మాత్రం రాలేదు.

నెలాఖరుకు ఆయన దిగిపోతున్నారు. ఆయన కుర్చీ, సెట్టింగులన్నిటి మీదా అధికారం తవిటినాయుడికే అని అందరూ అనుకునేవారు. అతను ఇంట్లో చెప్పేశాడు కూడా.

ఆ ఉదయం పదకొండున్నరకు నగరంలోని పెద్ద ఆసుపత్రినుంచి ఫోను వచ్చింది. అక్కడ ఆక్సిజన్ ట్యాంకు బాగుచేస్తున్నారు. రెండు నిమిషాలకోసారి హెచ్చరిక మోగుతోంది, పని అయ్యేదాకా ఆపమన్నారు.

తవిటినాయుడు ఏజెంటుకు చెప్పాడు: “ఆక్సిజన్ హెచ్చరికలు ఆపు.”

తెర మీద నాలుగు వరుసల ప్రశ్న వచ్చింది. పక్క బల్ల దగ్గరి జలజాక్షి కళ్లజోడు వెతుక్కుంటూ, “ఆగు తవిటీ, చదువుతాను” అంది.

“నువ్వు చదివేసరికి ఆళ్లు ఇంకో ట్యాంకు కట్టేసుకుంటారక్కా.”

“పెద్దాయన చూస్తే తిడతారు.”

“వచ్చే నెలనుంచి తిట్టేది నేనే కదా” అని నవ్వి, అతను ‘సరే’ నొక్కేశాడు. జలజాక్షి మళ్లీ అడగలేదు. ఇద్దరూ టీకి వెళ్లారు.

నాలుగున్నరకు ఏజెన్సీ కొండల్లోని ఒక చిన్న ఆసుపత్రినుంచి టెక్నీషియన్ బాలరాజు ఫోను చేశాడు.

“సార్, మా ఫోనుకి మెసేజ్ ఎందుకు రాలేదు సార్?”

“ఏ మెసేజ్?”

“ఆక్సిజన్ అయిపోయిందని. కరెంటు పోతే నేను జనరేటర్ దగ్గరున్నాను. మూడుసార్లు ఫోను చూసుకున్నాను. ఏమీ లేదని సిలిండర్ మార్చలేదు సార్.”

“ఇప్పుడు మార్చావా?”

“మార్చాను. పేషెంటు పోయింది సార్.”

ఆమె కొర్రా సోములమ్మ, కాఫీతోటల్లో కూలి. నిమ్ము చేసి రెండు రోజులుగా ఆక్సిజన్ మీద ఉంది.

తవిటినాయుడు ఉదయం వచ్చిన ప్రశ్నను తెర మీదికి తెచ్చుకున్నాడు. దాన్ని చదవడం అదే మొదటిసారి. ‘ఇది ఉమ్మడి సెట్టింగు. మారిస్తే పన్నెండు ఆసుపత్రులకూ వర్తిస్తుంది. పాతది: రెండు నిమిషాలకొక హెచ్చరిక. కొత్తది: హెచ్చరిక ఉండదు. మార్చనా?’ దాని కింద, పదిహేను సెకన్ల తరువాత, అతని పేరు, అతని ‘సరే’. వెంటనే పాత సెట్టింగు తిరిగి పెట్టించాడు. ఈసారి ప్రతి అక్షరమూ చదివాడు.

సన్యాసిరాజు గారు వచ్చి వెనక నిలబడ్డారు. తవిటినాయుడు తిరిగి చూడకుండానే, “ఏజెంటు అన్నిచోట్లా ఆపేసిందండి” అన్నాడు.

“అది నిన్ను అడిగింది నాయనా. నువ్వు సరేనన్నావు.”

“ఒక్క ఆసుపత్రి అనుకున్నానండి.”

“అనుకున్నావు” అన్నారు పెద్దాయన.

జలజాక్షి, “నేను రెండోసారి అడగాల్సిందండి” అంది. తరువాత జరిగిన విచారణలో ఆ మాటా రికార్డులోకి ఎక్కింది.

నెలాఖరుకు కుర్చీ, అధికారం జలజాక్షికి వెళ్లాయి. ఆమె సంతోషంగా తీసుకోలేదు. తవిటినాయుడి ఉద్యోగం పోయింది. అతను వేరే ఊళ్లో వేరే పని వెతుక్కున్నాడు. కొండ మీద సోములమ్మ సాగుచేసుకునే మిరియాల పాదులు ఆమె మరిదికి వెళ్లాయి, రెండు మేకలు అత్తకు వెళ్లాయి. ఆమెకు ఆరేళ్ల కూతురుంది. ఆ పిల్లకు ఏమీ రాలేదు.

నీతి: పని ఎవరికైనా, యంత్రానికైనా అప్పగించవచ్చు, చదివి ఒప్పుకునే బాధ్యతను మాత్రం అప్పగించకూడదు, ఎందుకంటే చదవకుండా చెప్పిన ‘సరే’కు శిక్ష ముందుగా పడేది ఏ తప్పూ చేయనివారి మీద.