అగ్నిశిఖ పట్టు వదిలిన చలికాలం

ఒకప్పుడు అగ్నిశిఖ తీగకి చలికాలమంటే తెలియదు. ఏడాది పొడుగునా ఎర్రగా, పసుపుగా పూస్తూనే ఉండేది. దాని దుంప నేలమీదే పడి ఎండ కాచుకునేది. మట్టిలోకి పోయి చూసేదేముంది అనేది.

ఆ తీగ కొండమీద బుద్రి అవ్వ పెరట్లో, దడిమీద ఒళ్ళు వాల్చుకుని బతికేది.

ఒక పుష్యమాసంలో చలి కొండ కొసనుంచి దిగి వచ్చింది. మామూలు చలి కాదు, గడ్డిమీద తెల్లగా పేరుకునే చలి. తెల్లారేసరికి తీగకి పది ఆకులు నల్లబడ్డాయి. మిగిలినవెన్నో చూసుకుంటూ పొద్దంతా గడిపింది పాపం.

అవ్వకీ కంగారే. తన గొంగళి తెచ్చి కప్పింది. అది మంచుకి తడిసి బరువెక్కి, మర్నాటికి రెండు కొమ్మల్ని విరిచేసింది. అవ్వ తల పట్టుకుంది. చలి దడి బయట నిలబడి, ఈ సాయంత్రం దుంప దగ్గరికే వస్తానని చెప్పి పోయింది.

అవ్వ ఏటా విత్తనం పసుపుని గోతిలో పరిచి, ఎండాకులు వేసి, మట్టి కప్పి దాచేది. ఆ పని ఆ రోజే పెట్టుకుంది. పక్కనే ఇంకో చిన్న గొయ్యి తవ్వి, దుంపని ఇందులో దాస్తానంది. ఆకుల్నీ కొమ్మల్నీ మాత్రం వదిలేసి రావాలంది.

తీగ ఆకు కొసలు మెలితిప్పి దడిని గట్టిగా పట్టుకుంది.

"ఆకూ పువ్వూ లేకపోతే నేనెక్కడున్నానో నీకెలా తెలుస్తుంది అవ్వా? మరిచిపోతావు."

తాము ఏటా ఇలాగే వెళ్తున్నామని, అవ్వ ఒక్క ఏడూ మరవలేదని గోతిలోంచి పసుపు దుంపలు చెప్పాయి. తీగ నమ్మలేదు. పొద్దు వాలిపోతోంది. చలి దగ్గరికి వచ్చేస్తోంది.

అవ్వ దడికీ ఆకుకీ మధ్య తన వేలు పెట్టింది.

"దడినొగ్గీసి నా ఏలు అట్టుకో. నువ్వు ఒగ్గీదాకా నాను లెగను."

ఒక్కొక్క ఆకే దడిని వదిలింది. చివరి ఆకు అవ్వ వేలికి చుట్టుకుని, అక్కడే ఎండి రాలింది. అవ్వ దుంపకి మట్టి కప్పి, గుర్తుగా ఒక పుల్ల పాతింది.

తొలకరికి పసుపు మొలిచింది. అగ్నిశిఖ మొలవలేదు. అవ్వకి అన్నం సయించలేదు, రోజూ ఆ పుల్ల దగ్గరే కూర్చుంది. పదో రోజు మట్టి పగిలింది. మొలక వస్తూనే ఆకు కొస చాచి, పక్కనున్న పుల్లని కాదని అవ్వ వేలిని వెతుక్కుంది.

అప్పటినుంచే అగ్నిశిఖ చలి రాకముందే పైనంతా ఎండబెట్టుకుని, దుంపతో మట్టిలో దాక్కుంటుంది. వాన పడగానే లేస్తుంది. ఆకు కొసలు మాత్రం ఈనాటికీ మెలితిరిగే ఉంటాయి. దాని భయం ఇంకా పూర్తిగా పోలేదు, అవ్వ వేలు ఎక్కడుందా అని వెతుకుతూనే ఉంటుంది.