తవుడమ్మ పలికిన కోళ్లగూడు

అనగా అనగా, మీ తాతకి తాత ఇంకా గోచీ కట్టడం నేర్వని రోజుల్లో, ఏటి ఒడ్డు ఊళ్లో తవుడమ్మ అని ఒక విధవరాలు ఉండేది. ముందు పుట్టినవాళ్లు దక్కలేదని తల్లి ఈమెని చేటెడు తవుడికి అమ్మి మళ్లీ కొనుక్కుంది. అందుకే ఆ పేరు. నవ్వకండి, కథంతా ఆ పేరుతోనే వచ్చింది.

ఒక ఏడు ఆమె కోడి పదకొండు పిల్లల్ని లేపింది. గద్ద భయానికి వాటిని లోపలి గదిలోనే పెంచింది. పక్కింటి అసిరమ్మ "తవుడమ్మా" అని కేకేసినప్పుడల్లా, పిల్లలు గోల చెయ్యకుండా గుప్పెడు తవుడు చల్లి మరీ వీధిలోకి వెళ్లేది. దాంతో అవి ఏమనుకున్నాయి? ఆ పిలుపు మనకే, తిండికి రమ్మంటున్నారు అనుకున్నాయి.

పిల్లలు పెద్దవయ్యాయి. కూతురు పైడి తొలిచూలు పురిటికి వస్తోంది. ఉన్నది ఆ ఒక్క గదే. మంత్రసాని వచ్చి చూసి ముక్కు మూసుకుంది.

"కోళ్ల మజ్జిన నాను పురుడు పొయ్యను. మూడ్రోజుల్లో గది కాళీ చెయ్యి, నేదా ఇంకో మంత్రసానిని ఎతుక్కో."

మూడూళ్లకీ మంత్రసాని ఆమె ఒక్కతే.

మొదటి సాయంత్రం తవుడమ్మ పెరటి మట్టిగూట్లోకి పదకొండింటినీ పట్టి తోసింది. తలుపుచెక్క పెట్టబోతుంటే గోడవతల నుంచి అసిరమ్మ, "తవుడమ్మా, నిప్పుందేటే?" అంది. పదకొండూ ఆమె కాళ్ల సందున దూరి గదిలోకి పరుగు.

రెండో సాయంత్రం మళ్లీ పట్టింది, మళ్లీ తోసింది. "తవుడమ్మా, గది కాళీ అయిందా?" అంటూ మంత్రసాని వచ్చింది. పదకొండూ గదిలోకి పరుగు. ఒకటి పురిటిమంచం ఎక్కి చెయ్యకూడని పని చేసింది.

మూడో సాయంత్రం పైడి బండి ఏరు దాటిందని కబురొచ్చింది. తవుడమ్మ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. "నా పేరే నా పిల్ల పానాల మీదకి తెచ్చింది" అంది. అని ఊరుకుందా? ముక్కు చీదుకుని, చేటెడు తవుడు పట్టుకుని గూట్లోకి దూరింది. తల పట్టింది. నడుం పట్టలేదు. అసిరమ్మ వెనక నుంచి తోస్తే పట్టింది.

"ఒలే అసిరీ, ఇప్పుడు నన్ను పిలు."

"ఎదరే ఉన్నావు కదే, ఏటని పిలవను?"

"పేరెట్టి పిలువే."

"తవుడమ్మా!"

"ఇక్కడే ఉన్నాను, రండి."

పదకొండూ గదిలోంచి వచ్చి గూట్లో దూరాయి. ఇక ఆమె కదిలితే అవీ కదులుతాయి. అందుకని అలాగే కూచుంది. అసిరమ్మ గబగబా గది అలికింది. బండి దిగిన పైడి "మాయమ్మేది?" అంటే గూడు పలికింది.

"నువ్వు లోనికెళ్లి తొంగో. కోళ్లు తొంగున్నాక నానొస్తాను."

కొత్తల్లుడు ఏం చెయ్యాలో తెలీక గూటికే దణ్ణం పెట్టాడు.

ఆ వారమే మంత్రసాని ఆ గదిలో పురుడు పోసింది. తల్లీ బిడ్డా చల్లగా ఉన్నారు. కోళ్లకి మాత్రం అదే అలవాటైపోయింది. రోజూ ఒకరు పిలవాలి, గూటి దగ్గర తవుడమ్మ పలకాలి.

చాలా ఏళ్లకి తవుడమ్మ పోయింది. ఆ సాయంత్రం ఆ కోళ్ల పిల్లల పిల్లలన్నీ గూటి ముందు నిలబడ్డాయి. ఒక్కటీ లోపలికి వెళ్లదు. ముసలి అసిరమ్మ అలవాటు కొద్దీ "తవుడమ్మా" అని పిలిచేసి నోరు నొక్కుకుంది. కబురందుకుని వచ్చిన పైడి లేచి గూటి వెనక్కి వెళ్లి, ఏడుస్తూనే, "ఇక్కడే ఉన్నాను, రండి" అంది. అవి వెళ్లాయి.

ఇప్పటికీ అటువైపు కోడిపిల్లల్ని ఇంట్లోంచి బయటి గూటికి మార్చే రోజున ఒకరు తవుడమ్మని పిలుస్తారు, గూటి వెనక నుంచి ఒకరు పలుకుతారు. ఇంట్లో ఒంటరివాళ్లయితే పిలిచేదీ వాళ్లే, పలికేదీ వాళ్లే. కోళ్లు తప్పుపట్టవు.