లంకలో నూకలు నిండుకున్నాయి

ఏ అడవి అని నన్నడక్కండి. ఎలుగుబంటి కొట్టు పెట్టుకున్న అడవి, అంతే. ఆ ఎలుగు పేరు కోటప్ప. ఏటి గట్టున ధాన్యం కొట్టు ఆయనది. ఒడ్డునున్న వాళ్ళు వచ్చి కొనుక్కునేవాళ్ళు. ఏటి నడుమ లంకలో కాపురముండే కోళ్ళకి మాత్రం ఎద్దు వీరన్న బండి కట్టుకుని, నీళ్ళలో దిగి, నూకల బస్తాలు చేరవేసేవాడు. ఏరు పొంగిందా, ఇక లంకకి దారి లేదు. వానల్లో అక్కడంతా బురదే, కెలికి తినడానికి కూడా ఏమీ దొరకదు. అందుకని ఏరు పొంగేలోపే లంక గాదె నింపాలి. నింపకపోతే చచ్చేది కోడిపిల్లలు.

లంక కోళ్ళకి పెద్ద పైడమ్మ. పిల్లల తల్లి. ఆవిడ నోట 'నూకలు అయిపోయాయి' అన్న మాట ఏనాడూ వచ్చి ఎరగదు. నూకలు చెల్లాయంటే చావే కదా, పిల్లలున్న ఇంట్లో ఆ మాట ఎవరంటారు? "నూకలు నిండుకున్నాయి వీరన్నా" అనేది. మన ఇళ్ళలో బియ్యం నిండుకున్నాయని అనమూ, అలాగే. వీరన్న మారుమాట లేకుండా బస్తాలు వేసుకొచ్చేవాడు.

ఇలా సాగుతుండగా కొండవతల పులిగారి కొట్టులో ఏఐ పెట్టారని కబురొచ్చింది. ఏం చేస్తుందో ఎవరికీ తెలీదు, పెట్టారని మాత్రం తెలుసు. కోటప్పకి అన్నం సయించలేదు. అంతలోకే నక్క చలమయ్య దిగాడు, ముక్కు మీద కళ్ళజోడు, చంకలో ఓ పెట్టె.

"ఏంటయ్యా అది?" అన్నాడు కోటప్ప.

"కృత్రిమ మేధ షావుకారుగారూ. చెప్పింది వింటుంది, విన్నది అర్థం చేసుకుంటుంది, ఏం చెయ్యాలో తనే తేలుస్తుంది."

"మన తెలుగొచ్చా?"

"భలేవారే! ఎన్ని పుస్తకాలు మింగిందనుకున్నారు?"

పక్కన నెమరేస్తున్న వీరన్న తలెత్తాడు. "పుస్తకాలు సరే చలమయ్యా, కోడి మాట్లాడితే తెలుస్తుందా?"

"మాట మాటే కదయ్యా! పుస్తకంలో ఒకటీ, కోడి నోట్లో ఇంకోటీ ఉంటుందా?"

ఉంటుందో లేదో చలమయ్యకి తెలీదు. తెలీదని ఒప్పుకునే జన్మ కాదు వాడిది.

కోటప్ప పెట్టె చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, "సరే, మొదట దీనికి ఏ పని అప్పజెబుదాం?" అన్నాడు.

"దొరా, మూలనున్న బస్తాలకి పురుగు పడుతోంది," అన్నాడు వీరన్న. "ఏ బస్తాకి పట్టిందో కనిపెట్టమనండి. తప్పు చెప్పిందే అనుకోండి, ఓ బస్తా పోతుంది. మనం మూతి విప్పి చూసుకోనూవచ్చు."

"ఛీ! రేపు పులిగారు కనబడి 'మీ ఏఐ ఏం చేస్తోంది కోటప్పా' అంటే, 'పురుగులేరుతోందండీ' అని చెప్పుకోమంటావా?"

"అదీ మాట!" అన్నాడు చలమయ్య. "మొదటిపనే ఘనంగా ఉండాలి. లంక సరఫరా మొత్తం దీని చేతిలో పెట్టండి. లంకలో ఓ గొట్టం పాతుతాను. పైడమ్మ అందులో చెబుతుంది, పెట్టె ఇక్కడ వింటుంది, బండి కట్టాలో వద్దో అదే చెబుతుంది. వీరన్న ఊరికే ఏట్లో పడి తిరగక్కర్లేదు."

"తప్పుగా వింటే?"

"నువ్వు వినవా తప్పు?"

"వింటాను. కానీ నేను గాదెలోకి తొంగి చూసొస్తాను."

"చాల్లే ఊరుకో," అన్నాడు కోటప్ప. "బండి పని పోతుందని నీ ఏడుపు. నాకు తెలీదా!"

ఆ మాట వీరన్నకి ఎక్కడో తగిలింది. ఇక నోరెత్తలేదు. నిజం చెప్పాలంటే, నాలుగు రోజులు పోయేసరికి మెడ మీది కాడి పుండు మానుతుంటే వాడికి హాయిగానే ఉంది. నాకెందుకొచ్చిన గొడవ అనుకున్నాడు. ఓర్పు గలవాడని ఊరంతా మెచ్చుకునేది ఈ వీరన్ననే మరి.

వానలు మొదలయ్యాయి. పైడమ్మ గొట్టం దగ్గరికొచ్చి, మర్యాదగా, "నూకలు నిండుకున్నాయండీ," అంది.

"మీ మాట అందింది. ధన్యవాదాలు," అంది గొట్టం.

ఇవతల కొట్టులో పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. "లంక గాదె నిండింది. సరఫరా అవసరం లేదు."

"చూశావుట్రా వీరన్నా! అడక్కుండానే కబురు!" అని కోటప్ప మురిసిపోయాడు. లంకకని తీసిపెట్టిన బస్తాలన్నీ ఒడ్డునున్న వాళ్ళకే అమ్మేశాడు.

బండి రాలేదు. పైడమ్మ మళ్ళీ వచ్చి, ఈసారి గొంతు పెంచి, "బొత్తిగా నిండుకున్నాయి బాబూ!" అంది.

"మీ మాట అందింది. ధన్యవాదాలు."

కొట్టులో పెట్టె, "లంక గాదె బొత్తిగా నిండింది. అక్కడివారు సంతోషంగా ఉన్నారు," అని వినిపించింది. చలమయ్య కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

లంకలో పిల్లలు తల్లి రెక్కల కింద దూరి కియ్యోమంటున్నాయి. వాటిలో చిన్నది, "అమ్మా, అయిపోయాయని చెప్పవే! అలా చెబితే వస్తారేమో," అంది.

"నోర్ముయ్! ఇంట్లో అనే మాటేనా అది? చెప్పాగా, విన్నామన్నారు, వస్తారు," అని పైడమ్మ దాని నెత్తిన ముక్కుతో ఓ పోటు పొడిచింది. పొడిచి, మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

ఏరు పొంగింది. గట్టు మీద మునగచెట్టు మొదలంటా నీళ్ళొచ్చాయి. జోరువానకి తడుస్తూ వీరన్న కొట్టు అరుగెక్కి పెట్టె పక్కన నిలబడ్డాడు. అన్నాళ్ళూ దాని పక్కన నిలబడే పని ఎవరికీ పడలేదు. దీపం వెలిగితే చాలనుకున్నారు. లోపల్నించి సన్నగా ఓ గొంతు వినబడింది.

"నిండుకున్నాయయ్యా... ఎవరైనా ఉన్నారా? నిండుకుని ఎన్నాళ్ళో అయింది... వీరన్నా..."

"శుభం. లంక గాదె ఎన్నాళ్ళ నుంచో నిండుగా ఉంది," అంది పెట్టె.

వీరన్న కొట్టు లోపలికి తిరిగి, "కోటప్పా!" అని రంకె వేశాడు. జీవితంలో మొదటిసారి దొరా అనడం మరిచిపోయాడు.

కోటప్ప పరిగెత్తుకొచ్చి విన్నాడు. విన్నవాడు అక్కడే కూలబడ్డాడు. వీరన్న బండి కూడా కట్టకుండా ఏట్లోకి దూకితే, వరద వాణ్ణి తిరగేసి గట్టుకి కొట్టింది. మళ్ళీ దూకాడు, మళ్ళీ కొట్టింది. ఇక చేసేదేమీ లేదు.

కోటప్ప లేచి, అప్పుడే కొట్టులోంచి బయటికొచ్చిన నక్క గొంతు పట్టుకున్నాడు. "నిండుకోవడమంటే తెలీదట్రా నీకు? మీ అమ్మ ఎప్పుడూ అన్లేదూ?"

"మా ఇంట్లో నూకలెవరు తింటారండీ!" అన్నాడు చలమయ్య విడిపించుకుంటూ. "అయినా తప్పు పెట్టెదంటారేంటి? ఖాళీ అయితే ఖాళీ అనాలి. ఏడ్చేది ఏడ్చినట్టు చెప్పరు మీ వాళ్ళు! పోన్లెండి, ఇవాళ్టితో ఆ మాట నేర్పేస్తాను, ఇక ఈ తప్పు చెయ్యదు."

"నేర్పుతావా? ఇక ఆ మాట అనడానికి అక్కడెవరు మిగులుతార్రా?" అని వీరన్న రంకె వేశాడు.

ఆ రంకెకి చలమయ్య ఆగలేదు. కొండవతల ఇంకో కొట్టు వాకిట్లో తేలాడు. "కోటప్పగారి లంక నుంచి ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు రాలేదండీ. కావాలంటే పెట్టెనే అడగండి," అని చెప్పుకున్నాడట. అందులో అబద్ధమేముంది పాపం! వచ్చిన ఏడుపులన్నీ పెట్టె శుభవార్తలుగా రాసుకుందాయె.

వరద తీసింది. వీరన్న బండి లాగాడు, కోటప్ప బస్తాల మీద తల వంచుకుని కూర్చున్నాడు. లంకలో చప్పుడు లేదు. పైడమ్మ ఒక్కతే గొట్టం పక్కన తడిసిన రెక్కలు ముడుచుకుని కూర్చుని ఉంది. ఎముకల పోగు. బండి చూసి లేవలేదు, తిట్టనూలేదు.

కోటప్ప దిగాడు. "పైడమ్మా... పిల్లలేరమ్మా?"

ఆవిడ అప్పుడు కూడా ఆ చెడ్డ మాట అనలేదు.

"నిండుకున్నారు బాబూ," అంది.

పక్కనున్న గొట్టం ఆ మాటా విన్నది. "మీ మాట అందింది. ధన్యవాదాలు," అంది. గట్టు మీద కొట్టులో పెట్టె, "లంకలో పిల్లలు నిండుగా ఉన్నారు. శుభం," అంది.

కొత్త తెలివికి మొదటి పని అప్పజెప్పేముందు, అది పొరబడితే పోయేది బస్తాలో బిడ్డలో చూసుకో.