దాపటి బ్రేకు, వలపటి బ్రేకు

మేకలకు కూడా ఆయాసం వచ్చేంత ఎత్తు గుట్ట ఒకటి. గుట్ట మీద జంతువుల కొట్టం, గుట్ట కింద జంతువుల సొంత చేను, రెంటికీ మధ్య ఏటవాలు బాట. ఎంత ఏటవాలంటే, పైనుంచి గుమ్మడికాయ దొర్లిస్తే కిందికి చేరేసరికి కూరకు తరిగిన ముక్కలయ్యేది. నమ్మనివాళ్ళు నమ్మకపోండి, కథ మాత్రం మీ కోసం ఆగదు.

చేను దున్నే జతలో ఎడమవైపు ఎద్దు బొల్లయ్య, కుడివైపు ఎద్దు పుల్లయ్య. అరక కట్టేవాళ్ళు ఎడమదాన్ని దాపటెద్దు అంటారు, కుడిదాన్ని వలపటెద్దు అంటారు. ఆ ఏడు దాపటి బొల్లయ్యకు కాలు విరిగింది. ఒంటెద్దుతో అరక సాగదు. వాన పడేలోగా దున్ని జొన్న చల్లకపోతే వేసవిలో కొట్టంలో ఒక్క పరక కూడా మిగలదు. అందుకని అందరూ కలిసి పాలు, గుడ్లు, పేడ సంతకు మోసి, బదులుగా ఒక బుల్లి ట్రాక్టరు తెచ్చుకున్నారు. ఎర్రగా, ముద్దుగా, దూడంత ఉంది. గొంతు మాత్రం వంద ఏనుగులు ఒకేసారి తుమ్మినట్టు.

"నేను నేర్చుకుంటాను," అన్నాడు పుల్లయ్య.

కంచె మీద కూర్చున్న నక్క జంబయ్య పళ్ళికిలించాడు. "నువ్వా బావా? తిన్నది నెమరు వేయడానికే నీకు పూట పడుతుంది. ఇదెప్పటికి నేర్చుకుంటావు?"

"వచ్చేదాకా నేర్చుకుంటాను."

"అంత శ్రమ నీకెందుకు, నేను నడుపుతాగా. జీతం కూడా వద్దు. సాలుకో కోడి, బత్తా కింద ఇప్పించండి చాలు."

కోళ్ళన్నీ గంప కిందికి దూరాయి. లోపల్నుంచి పెట్ట పిచ్చమ్మ గొంతు వినబడింది: "పుల్లన్నా, నీ కాళ్ళు మొక్కుతాను, తొందరగా నేర్చుకో నాయనా. చేనులో సాళ్ళు చాలా ఉన్నాయి, మేం తక్కువ ఉన్నాం."

కొట్టానికి పెద్ద దిక్కు గేదె నల్లమ్మ. ఆమె నిదానంగా తోక ఆడించి తీర్పు చెప్పింది. "మబ్బు పట్టిన రోజు పోటీ. విత్తనాల బస్తాతో ట్రాక్టరును బాట దించి చేనుకు చేర్చినవాడే డ్రైవరు. వాడడిగిందే బత్తా."

పాఠం చెప్పడానికి కొంగ తెల్లమ్మ దిగింది. దున్నే ట్రాక్టర్ల వెనక పురుగులేరుకుని బతికిన పక్షి. ఆమె చూడని ట్రాక్టరు ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదు.

మొదటిరోజే పుల్లయ్య సీటెక్కాడు. అంత ఎద్దు అంత సీట్లో ఎలా పట్టిందని అడక్కండి, నక్క మాట్లాడినప్పుడు అడగలేదుగా. బండి కదిలింది. గడ్డివాము ఎదురొచ్చింది. పుల్లయ్య, పుట్టినప్పటినుంచీ తాను విన్న మాటే గట్టిగా అన్నాడు:

"ఓ... ఓహో... ఆగు."

ఆ మాట వింటే ఏ ఎద్దయినా ఆగుతుంది. ట్రాక్టరు ఆగలేదు. గడ్డివాములో ఇటునుంచి దూరి అటునుంచి వచ్చింది. పుల్లయ్య కొమ్ముల మీద పెళ్ళికొడుకు తలపాగాలాగా గడ్డి. నక్క నవ్వి నవ్వి కంచె మీదినుంచి పడ్డాడు.

"దానికి చెవుల్లేవురా అబ్బాయ్," అంది తెల్లమ్మ. "నోటితో చెబితే వినదు. కాలితో చెప్పాలి. క్లచ్చి తొక్కు, బ్రేకు తొక్కు."

"ఇక్కడ రెండు బ్రేకులున్నాయి పిన్నీ."

"ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి."

"ఒక్క బండికి రెండెందుకు?"

చెట్టుకింద కాలు చాపుకుని పడుకున్న బొల్లయ్య అందుకున్నాడు. "తమ్ముడూ, మనం చేను చివర ఎలా తిరిగేవాళ్ళం? నేను ఆగేవాణ్ణి, నువ్వు లాగేవాడివి. అరక నా వైపు తిరిగేది. ఇదీ అంతే. ఒకటి నేను, ఒకటి నువ్వు."

పుల్లయ్య కళ్ళు తాటికాయలంత అయ్యాయి. "అయితే బాట మీద పోయేటప్పుడు నేనొక్కణ్ణే ఆగితే?"

"బండి గిర్రున పక్కకు పోయి పల్టీ కొడుతుంది," అంది తెల్లమ్మ. "అందుకే బాట మీద రెంటికీ కాడి వెయ్యాలి. అదిగో, రెండు పెడళ్ళనూ కలిపే కొక్కెం. చేనులో తీసెయ్, బాటకెక్కితే తగిలించు. మరిచావా, బాట మీద నిన్ను ఏరుకోవడానికి నా ముక్కు చాలదు."

ఆ రోజునుంచీ పుల్లయ్య పట్టు పట్టాడు. సీటెక్కేముందు బండి చుట్టూ ప్రదక్షిణం. చక్రాలు చూస్తాడు, నూనె చూస్తాడు, వంగి కొక్కెం చూస్తాడు, వెనక కోడిపిల్లలు ఆడుకుంటున్నాయేమో చూస్తాడు. వాలు దిగేటప్పుడు చిన్న గేరే, మధ్యలో న్యూట్రల్ మాటే లేదు. పక్కన మడ్గార్డు మీద ఎక్కుతానని మేకపిల్ల ఏడ్చింది. "సీటొక్కటే ఉందమ్మా, ప్రాణమూ ఒక్కటే తెచ్చుకున్నావు," అని దించేశాడు. ఎన్నిసార్లు తప్పు చేశాడో లెక్కలేదు. బండిని ఆపి, దిగి, మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టేవాడు. వాడి పట్టుదల చూసి సూర్యుడే సిగ్గుపడి ఇంకాస్త సేపు ఉండి వెళ్ళేవాడు.

"గుడి చుట్టూ తిరిగినా పుణ్యమొచ్చేది బావా," అనేవాడు జంబయ్య రోజూ. "మగాడన్నవాడు ఎక్కాలి, పోవాలి. ఆ వంగి చూడ్డమేంటి, పేలు వెతుకుతున్నట్టు."

అంతలో మబ్బు పట్టనే పట్టింది.

పోటీ రోజు మధ్యాహ్నం అందరూ నెమరు వేస్తూ కళ్ళు మూశారు. జంబయ్య పిల్లిలా పాకి ట్రాక్టరు కిందికి దూరి, పెడళ్ళను కలిపే కొక్కెం ఊడదీశాడు. బయటికొచ్చి మూతి తుడుచుకుని, గొంతులో తేనె పోసుకున్నాడు.

"పుల్లన్న బావ వయసులో పెద్ద. ముందు ఆయన. ఆ తర్వాతే నేను."

నల్లమ్మ నెమరు ఆపింది. ఆమె నెమరు ఆపితే ఊళ్ళో గడియారాలు కూడా ఆగుతాయి. "జంబయ్యా, నీళ్ళతొట్టి దగ్గర కూడా తోసుకుని ముందు మూతి పెట్టే వాడివి. ఇవాళ ఇంత మర్యాద ఎక్కణ్ణుంచి వచ్చిందిరా? నువ్వే ముందు."

"అబ్బే, పెద్దమ్మా..."

"ఎక్కు."

నక్క ముఖం ఉడికిన వంకాయలా అయింది. పాపం, సంగతేమీ తెలియని పుల్లయ్య పక్కకొచ్చి అన్నాడు: "చుట్టూ చూసుకో జంబయ్యా. కింద బ్రేకులు కూడా ఓసారి వంగి చూడు. పోయేదేముంది."

వంగితే పోయేదేమిటో జంబయ్యకు తెలుసు. ఇన్నాళ్ళూ ఎగతాళి చేసిన పని అందరి ముందూ తనే చెయ్యాలి. చేసి కొక్కెం తగిలిస్తే, ఊడిందని నీకెలా తెలుసని పిచ్చమ్మ అడుగుతుంది. పోటీ వద్దంటే కోళ్ళు పోతాయి. బ్రేకు తొక్కకుండా దిగిపోతే సరి అనుకున్నాడు.

"నాకలాంటి చాదస్తాల్లేవు," అని ఎక్కాడు.

తొందరగా పోదామని పెద్ద గేరు వేశాడు. బండి బాట మీద ఊపందుకుంది. నక్క చెవులు వెనక్కి, మీసాలు వెనక్కి, చివరికి నవ్వు కూడా మెడ వెనక్కి పోయింది. మలుపు దగ్గర ప్రాణం ఆగలేదు, కాలు ఆగలేదు. అందిన పెడలు తొక్కాడు. అది దాపటిది. ఎడమ చక్రం ఒక్కటే ఆగింది, కుడిది తోసుకొచ్చింది. బండి ఎడమకు గిర్రున తిరిగి, బాట పక్కనున్న పేడగుంటలోకి ముక్కు పెట్టి నిలబడింది. లేచిన పేడకు మబ్బే ఒక మెట్టు పైకి జరిగింది.

పుల్లయ్య పరుగున వచ్చి ముందు ఇంజను ఆపాడు.

"ముందు నన్ను లాగవేంటి?" గుంటలోంచి నక్క అరిచాడు.

"తిరుగుతున్న చక్రం పక్కనుంచి లాగితే ముక్కలుగా వస్తావు," అని అప్పుడు తోక పట్టుకుని లాగాడు.

తెల్లమ్మ ఎగిరొచ్చి వాలింది. "ఏ బ్రేకు తొక్కావురా?"

"ఏది తొక్కితే ఏముంది, కొక్కెం ఊడి ఉన్నాక?"

"ఊడిందని నేనింకా అనలేదే," అంది తెల్లమ్మ. "వంగి చూడను కూడా లేదు. నువ్వూ చూడకుండానే ఎక్కావు."

జంబయ్య నోరు తెరిచాడు. పేడ జారి నోట్లో పడింది. మళ్ళీ మూశాడు.

నల్లమ్మ మోకు కట్టి బండిని బయటికి లాగింది. అప్పటికే నాలుగు చినుకులు రాలాయి. "ఇంకేం దున్నుతాంలే పుల్లన్నా," అని ఏడుపు మొదలుపెట్టింది పిచ్చమ్మ.

"ఇంకా తడవలేదు," అన్నాడు పుల్లయ్య. బండి కడిగాడు. గుంటలో పడినా మూతి విడని విత్తనాల బస్తాను మళ్ళీ ఎక్కించాడు. చుట్టూ తిరిగాడు. వంగి కొక్కెం తగిలించాడు, లాగి చూశాడు. చినుకులు తరుముతున్నా గేరు మాత్రం చిన్నదే. నత్తలు దాటిపోతూ పలకరించి వెళ్ళాయట. అయినా విత్తనాల బస్తా ఒక్క గింజ రాలకుండా చేను చేరింది. కొక్కెం తీశాడు, నాగలి దించాడు, సాలు వెంబడి సాలు దున్నాడు. పిచ్చమ్మ బలగమంతా వెనకే విత్తనం వేస్తూ నడిచింది. ఆఖరి సాలు మూసుకున్నాక గాని వాన పూర్తిగా దిగలేదు, వాడి పని అయ్యేదాకా ఆకాశం బిగపట్టుకుని ఉందన్నమాట.

"బత్తా ఏం కావాలిరా?" అడిగింది నల్లమ్మ.

"బొల్లన్నకు మెత్తటి జొన్నసొప్ప. మొదటి కోత ఆయనది."

ఆ వానలో జంబయ్య ఒళ్ళు రుద్దుకుంటూనే ఉన్నాడు. ఆ కంపు ఇప్పటికీ పోలేదు. వాడు కొండ అవతల తుమ్మితే చాలు, ఇవతల కోళ్ళు ముక్కు మూసుకుని తలుపు గడియ వేసుకుంటాయి.

ఎదుటివాడి బండికి ఊడదీసిన కొక్కెం, సీట్లో ఎవరు కూర్చున్నారో చూడదు.