చేతులు తీశారా!

“చేతులు తీశారా...!”

కరెంటు ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె మీద నిలబడి దస్తగిరి వేసిన కేక అది. వేపలవాగు ఊళ్ళో వీధికి ఈ చివర లేచి, ఆ చివర గడ్డివాముల దాకా పోయింది. గోడల మీది కోళ్ళు కిందకి దూకాయి. ఇంటింటి నుంచీ జవాబులొచ్చాయి.

“తీశాం!”

“తీశాం మామా!”

“ఎప్పుడో తీశాం, కానీ కానీ!”

ఇది ఎప్పటి మాటంటే, పల్లెలకి కరెంటు కొత్తల్లుడిలా బెట్టుగా వచ్చిపోయే కాలం నాటిది. ఆ కాలంలో, ఆ ఊళ్ళో, దస్తగిరి అనే కరెంటు మేస్త్రీ ఉండేవాడు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆయనకో పద్ధతుంది. పని కోసం దిమ్మె మీద ఫీజు తీసి వీధికి కరెంటు ఆపితే, మళ్ళీ పెట్టే ముందు వీధంతటికీ వినపడేలా కేకేస్తాడు. ప్రతి ఇల్లూ పలకాలి. ఒక్క ఇల్లు పలక్కపోయినా ఫీజు పెట్టడు.

ఎందుకంటారా? కరెంటు పోతే చాలు, ఆ ఊళ్ళో ప్రతివాడూ మేస్త్రీయే! ఒకడు రేడియో వైరు కొనలు పళ్ళతో ఒలిచి ప్లగ్గు బొక్కల్లో దూర్చి అగ్గిపుల్లలు దిగేసేవాడు. ఇంకొకడు వంటింటి బల్బు పీకి పశువుల పాకలో తగిలించేవాడు. మరొకడికి బట్టలారేసే తీగకి చోటు దొరక్క మీటరు పెట్టె మేకే కావాల్సొచ్చేది. అట్టాంటి ఊళ్ళో అడక్కుండా ఫీజు పెడితే ఇంకేమన్నా ఉందా?

ఆ రోజు కోటిలింగం గారి గృహప్రవేశం. ఊళ్ళో వరసగా కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. అన్నిటికీ వైరింగు పని ఎవరికివ్వాలన్నది పెద్దమనిషి కోటిలింగం చేతిలో ఉంది. “ముందు నా ఇల్లు చెయ్యి దస్తగిరీ. భోజనాల వేళకి నా ఇంట్లో లైటు వెలగాలి. వెలిగితే ఊరంతా నీదే, లేకపోతే టౌను మేస్త్రీదే” అన్నాడు. అందరి ముందూ ఇంకో మాట కూడా అనేశాడు. “లైటు వెలిగాకే విస్తరేసేది!”

దస్తగిరి భార్య హుస్సేనమ్మ ఆ పొద్దున చెప్పి మరీ పంపింది. “ఇవాళ ఒక్కరోజు ఎవరితోనూ పేచీ పెట్టుకోమాక. ఈ పని దొరికితే నువ్వు ఊళ్ళు పట్టుకు తిరిగే బాధ తప్పుద్ది.” దస్తగిరి బుద్ధిగా తలూపాడు. బుద్ధిగానే పనంతా ముగించాడు. ఫీజు పెట్టడమొక్కటే మిగిలింది.

మళ్ళీ కేకేశాడు. “చేతులు తీశారా...!”

అన్ని ఇళ్ళూ పలికాయి. చివరి ఇల్లు పలకలేదు.

చివరి ఇల్లు నాంచారమ్మది. మొగుడు పోయి చాన్నాళ్ళయింది, ఒంటిగా ఉంటుంది. దస్తగిరి కేకకి అందరికంటే ముందు పలికేది ఆమే. అదీ ఒకే తీరున. “తీశాలేరా కోతి సచ్చినోడా!” స్తంభాలెక్కే వాడు కదా, ఆ మురిపెం. ఆ తిట్టు వినపడితేనే దస్తగిరికి పని పూర్తయినట్టుండేది.

ఆ రోజు ఆ తిట్టు లేదు.

కింద నుంచి కోటిలింగం అరిచాడు. “ఏందయ్యా ఆలస్యం? అన్నం ఆవిరి పోతా ఉంది!”

“పెద్దమ్మ పలకలా మామా.”

“నిద్దరోతా ఉందేమో, పెట్టెయ్!”

దస్తగిరి మెడ సాచి చూశాడు. నిద్ర లేదూ గిద్ర లేదు. నాంచారమ్మ తన అరుగు మీద నిటారుగా కూచునుంది. రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. దిమ్మె వైపు ఓరగా చూస్తోంది కూడా! ఫీజు దస్తగిరి చేతిలోనే ఉంది. పెట్టేస్తే అయిపోద్ది. ఊళ్ళో పనంతా తనదే. చెయ్యి ముందుకి పోయింది. అంతలోనే ఆగిపోయింది. ‘ఈమె చేతులైతే కనపడుతున్నాయి గానీ, ఇంట్లో ఏ తీగె ఎక్కడ ఏలాడుతుందో నాకేం తెలుసు? అది ఆమె చెప్పాల్సిన మాట.’

“పలికితేనే పెడతా” అన్నాడు.

ఇక చూడండి ఊళ్ళో గోల. అక్కడేమో బూరెల వాసన, ఇక్కడేమో ఖాళీ కడుపులు. గొంతులు అనుకరించే పిచ్చయ్య మెల్లిగా వెళ్ళి నాంచారమ్మ గడ్డివాము వెనక నక్కాడు. ముక్కుతో సన్నగా పలికాడు.

“తీశాను నాయనా...!”

దస్తగిరి దిమ్మె మీద పడీపడీ నవ్వాడు. “బయటికి రారా పిచ్చయ్యా! పెద్దమ్మ నన్ను నాయనా అన్న రోజున స్తంభాలెక్కడం మానేసి మేకలు కాసుకుంటా!”

తర్వాత కోటిలింగం కోడలు పళ్ళెంలో బూరెలు పెట్టుకుని పోయింది. “అమ్మమ్మా, ఒక్క కేక పలుకు, వేడివేడివి తెచ్చా.” నాంచారమ్మ పళ్ళెం వంక చూడలేదు. “పిలవని ఇంటి బూరె నాకెందుకే? పట్టకపో!”

పిల్ల తిరిగొచ్చి ఆ మాట చెప్పింది. కోటిలింగానికి ఒళ్ళు మండింది. “ఇదిగో దస్తగిరీ, ఆఖరు మాట. పెడతావా, టౌను మేస్త్రీకి కబురంపనా?”

దస్తగిరికి హుస్సేనమ్మ మొహం కళ్ళ ముందు మెదిలింది. అయినా ఫీజు పెట్టలేదు. “అంపు మామా. ఆయనకైనా పెద్దమ్మ పలకాల్సిందేగా. ఇంతకీ ఆమెనెందుకు పిలవలేదు మీరు?”

ఆ మాటతో కోటిలింగం భార్య సామ్రాజ్యం నెత్తిన చెయ్యి పెట్టుకుంది. పిలుపులకి తనే కుంకం భరిణె పట్టుకుని గడపగడపకీ తిరిగింది. బొట్టు పెట్టి పిలవడం ఆచారం. నాంచారమ్మ బొట్టు పెట్టుకోదు. బొట్టు లేదు కదా అని ఆ గడప తొక్కకుండా వదిలేసింది. కావాలని కాదు. మరి ఎట్టా పిలవాలో ఎవరూ నేర్పలేదు!

సామ్రాజ్యం మొగుడి చెయ్యి పట్టుకుని బయల్దేరింది. వెనకే ఊరంతా కదిలింది. అరుగు ముందు నిలబడి, “అత్తా, తప్పైపోయింది” అంది.

నాంచారమ్మ ఆమె వైపు తిరిగింది. “నా నుదుటికి బొట్టు లేదు గానీ, నా ఇంటికి గడప లేదటే? వీధి వీధంతా పిలుచుకుంటా పోయి, నా ఇల్లొక్కటీ వదిలేసి పోడానికి కాళ్ళెట్టా సాగాయే నీకు? ఈ ఊళ్ళో నా పలుకు కోసం ఆగేవాడు ఆ కోతి సచ్చినోడొక్కడే. అందుకే ఇవాళ పలకలా. ఆగుతాడో లేదో చూద్దామని.”

“ఆగాడు కదత్తా.”

“ఆగాళ్ళే” అంది నాంచారమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. “ఎండలో నల్లగా మాడాడు కూడా.”

సామ్రాజ్యం ఆకూ వక్కా తెప్పించి, ఆమె రెండు చేతుల్లో పెట్టింది. “మా ఇంటికి భోజనానికి రావాలత్తా” అంది. నాంచారమ్మ లేవబోయి మళ్ళీ కూచుంది. “ముందు ఆ దిమ్మె మీదోణ్ణి అడగమనండి.”

దస్తగిరి ఊపిరంతా కూడగట్టుకున్నాడు. “చేతులు తీశారా...!”

“తీశాలేరా కోతి సచ్చినోడా!”

ఫీజు పడింది. కోటిలింగం గారింట్లో లైటు వెలిగింది. పట్టపగలు కాబట్టి అది వెలిగిందో లేదో చూడ్డానికి పిచ్చయ్య చేతులు అడ్డం పెట్టుకోవాల్సొచ్చింది, అది వేరే సంగతి! “ఊళ్ళో పనంతా నీదేనయ్యా” అన్నాడు కోటిలింగం, ఎటో చూస్తూ.

తర్వాత చాలా ఏళ్ళకి దస్తగిరి పండు ముసలివాడై కన్నుమూశాడు. కానీ వేపలవాగులో ఇప్పటికీ ఏ ఇంట్లో శుభకార్యమైనా బొట్టున్న వాళ్ళకి బొట్టు, లేనివాళ్ళకి ఆకూ వక్కా. ఏ గడపనీ మాత్రం వదిలెయ్యరు. విస్తళ్ళు పరిచాక ఒకరు వీధిలోకొచ్చి “చేతులు తీశారా!” అని కేకేస్తారు. ఇళ్ళన్నీ పలుకుతాయి. చివరి ఇంటివాళ్ళకి తిట్టే హక్కుంది. మాటలు వచ్చీరాని పిల్లయినా సరే, “తీశాలేరా కోతి సచ్చినోడా!” అంటుంది. ఊరి పెద్దలు ఆ తిట్టు కోసం చెవులు రిక్కించి, అది పడ్డాకే అన్నంలో చెయ్యి పెడతారు. దాన్ని దస్తగిరి పిలుపంటారు.

అయ్యో, మాటల్లో పడి వాళ్ళని ఆకలితోనే నిలబెట్టాం! పదండి, అక్కడికే పోదాం. పందిట్లో విస్తళ్ళు పడ్డాయి. నాంచారమ్మ మొదటి వరసలో కూచుంది. దస్తగిరి చేతులు కడుక్కుని వెనక వరసకి పోబోతుంటే, పక్కన చాప తట్టి చూపించింది.

“ఇట్టా రారా. హుస్సేనమ్మనీ రమ్మను. ఎంతసేపు నిలబడతావు?”

దస్తగిరి కూచున్నాడు. పక్కన హుస్సేనమ్మ, ఎదురుగా కోటిలింగం, సామ్రాజ్యం, ఆ చివర పిచ్చయ్య. వేడన్నం మీద పప్పు పడింది, పప్పు మీద నెయ్యి పడింది. ఊరంతా ఒక్కసారే విస్తట్లో చెయ్యి పెట్టింది.